తెరేసమ్మ చుట్ట, స్టెల్లా ఓటు

"ఒరే సంజీవీ, కూరలో ఉప్పు సరిపోయిందేమో మీ ఆవిణ్ణి అడుగు."

వంటగది గుమ్మంలో నిలబడి అడిగింది తెరేసమ్మ. కోడలు స్టెల్లా ఆమెకు మూరెడు దూరంలోనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతోంది.

హాల్లో కూర్చున్న సంజీవరావు పేపరు మడిచి పక్కన పెట్టాడు. "ఉప్పు సరిపోయిందా అంటోంది అమ్మ."

"సరిపోయిందని చెప్పండి."

"సరిపోయిందంటమ్మా."

"విన్నాలే. నాకు చెముడేం లేదు."

నిన్న మధ్యాహ్నం నుంచీ ఆ ఇంట్లో మాటలు ఇలాగే హాలు మీదుగా చుట్టూ తిరిగి వస్తున్నాయి. సంజీవరావు ఆర్టీసీలో కంట్రోలరు. పండగ రద్దీలో నలభై బస్సుల్ని ఒకదానికొకటి తగలకుండా పంపించినవాడు. ఇంట్లో ఉన్న ఇద్దరు ఆడవాళ్ళని ఎలా తప్పించాలో మాత్రం అతనికి అంతు చిక్కలేదు.

గొడవంతా ఒక ఫోటోతో వచ్చింది.

స్టెల్లా తాముండే భవానీపురంలోనే అర్బన్ హెల్త్ సెంటర్‌లో సూపర్‌వైజరు. వార్డులో టీ కొట్లకీ కాలేజీలకీ తిరిగి, పొగ వల్ల వచ్చే జబ్బుల గురించి చెప్పి, "ఇచ్చట పొగ త్రాగరాదు" అనే బోర్డులు పెట్టించడం ఆమె పనుల్లో ఒకటి. అపార్ట్‌మెంట్ వాళ్ళు అడిగారని తమ సెల్లారులో లిఫ్టు పక్కన కూడా ఒక బోర్డు తన చేత్తోనే అంటించింది. సరిగ్గా దాని కింద, ప్లాస్టిక్ కుర్చీలో కాళ్ళు చాపుకుని, లంక పొగాకు చుట్ట నోట్లో పెట్టుకుని, అరమోడ్పు కళ్ళతో కూర్చున్న తెరేసమ్మ ఫోటో నిన్న, శనివారం, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పడింది. ఆమె కొప్పు చివరి రెండు అక్షరాలకీ అడ్డొచ్చింది. బోర్డు మీద "ఇచ్చట పొగ త్రాగ" అని మాత్రమే మిగిలింది.

కింద ఎవరో "పెద్దావిడ ఆజ్ఞ" అని రాశారు. ఇరవైమంది పళ్ళికిలించిన బొమ్మలు పెట్టారు. సాయంత్రానికల్లా ఆ ఫోటో గ్రూపులు మారి మారి స్టెల్లా పనిచేసే చోట డాక్టరమ్మ ఫోనుకి చేరింది. డాక్టరమ్మ కోప్పడలేదు. ఫోన్ చేసి నవ్వింది. ఆ నవ్వే స్టెల్లాకి రాత్రంతా గుచ్చుకుంది.

"సంజీవీ," తెరేసమ్మ మళ్ళీ అందుకుంది, "నాలుగింటికి కింద మీటింగంట కదా. నేనూ వస్తున్నానని మీ ఆవిడతో చెప్పు."

స్టెల్లా చేతిలో కత్తి ఆగిపోయింది. "మీరు రావద్దత్తయ్యా."

"హమ్మయ్య!" తెరేసమ్మ కొడుకు వైపు తిరిగింది. "పోన్లే, నీకు పని తప్పింది. ఇంక పేపరు చదువుకో."

"నవ్వులాట కాదత్తయ్యా. వాళ్ళు మాట్లాడేది మీ గురించి."

"నా గురించి మాట్లాడేటప్పుడు నేను లేకపోతే ఎట్టా?"

"మీకు అర్థం కావట్లేదు. ఫ్లాటు నా పేరు మీద ఉంది. ఫ్లాటుకి ఒక ఓటు. పొగ నిషేధం మీద నేను చెయ్యెత్తాలి. మిమ్మల్ని ఎదురుగా పెట్టుకుని నేనెలా ఎత్తను?"

"నా వెనకైతే ఎత్తుతావా?"

కుక్కరు విజిల్ వేసింది. మళ్ళీ వేసింది. మూడోది కూడా వేశాక సంజీవరావే వచ్చి స్టవ్ కట్టేశాడు.

చర్చి నుంచి వచ్చిన ఆదివారం మధ్యాహ్నం ఆ ఇంట్లో అంత నిశ్శబ్దంగా కోడికూర తినడం అదే మొదటిసారి. తెరేసమ్మ గిన్నెలో గరిటెతో వెతికి వెతికి ఒక కాలుముక్క తీసి, కోడలి కంచంలో వేసింది. అది మాత్రం కొడుకు ద్వారా పంపలేదు.

స్టెల్లా తల వంచుకుని ఆ ముక్కకేసే చూస్తూ ఉండిపోయింది.

పంతొమ్మిదేళ్ళకి ఇంటర్మీడియట్‌తో ఈ ఇంటికి వచ్చింది తను. "ఈ పిల్ల చదువు ఆపడానికి వీల్లేదు" అని మొదట అన్నది మొగుడు కాదు, అత్త. అన్న మాట మీద నిలబడింది కూడా. స్టెల్లా నర్సింగ్ శిక్షణలో ఉన్న మూడేళ్ళూ పామర్రు పొలాల్లో తెరేసమ్మ ఒక్క నాట్ల రోజు మానలేదు. వానలో, మోకాలి లోతు బురదలో, పొద్దుగూకేదాకా వంగిన నడుం వంగినట్టే. సెలవులకి స్టెల్లా ఇంటికి వచ్చేసరికి గుమ్మం ముందు నులక మంచం మీద కూర్చుని చుట్ట కాలుస్తూ కనిపించేది. "ఒళ్ళంతా చలి పట్టిందే. ఇదొక్కటే వెచ్చన" అనేది. చాలా ఏళ్ళు స్టెల్లాకి చుట్ట వాసనంటే ఇంటి వాసన.

ఇప్పుడు అదే స్టెల్లా ఊరందరికీ ఆ వాసన మానమని చెబుతోంది.

మోకాలి ఆపరేషన్ కోసం ఆరు నెలల కిందట తెరేసమ్మ ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చింది. నడవడం నేర్చుకుంది. లిఫ్టు ఎక్కడం నేర్చుకుంది. చుట్ట మాత్రం మానలేదు.

మూడున్నరకి తలుపు చప్పుడైంది. మొదటి అంతస్తు ఉదయభాస్కర్. మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. ఆయాసానికి వాడే మందులు అమ్ముతాడు, రోజుకి పది సిగరెట్లు కాలుస్తాడు.

"మామ్మగారూ, మీరు ధైర్యంగా ఉండండి. ఇది మీ ఒక్కరి సమస్య కాదు. మన హక్కుల సమస్య."

"మన అంటే ఎవరయ్యా?"

"పొగ తాగేవాళ్ళందరం. దుకాణంలో బహిరంగంగా అమ్ముతారు. గవర్నమెంటు పన్ను తీసుకుంటుంది. కొనుక్కున్నాక కాల్చుకోడానికి మాత్రం చోటుండదు! ఇంట్లో మా ఆవిడ ఒప్పుకోదు. హోటల్లో ఒప్పుకోరు. బస్టాండులో ఫైనంటారు. ఇప్పుడు ఇక్కడ కూడా వద్దంటే ఎక్కడికి పోవాలండీ? కృష్ణలో దూకమంటారా?"

"నీళ్ళలో దూకితే ఆరిపోద్ది కదయ్యా."

సంజీవరావు నవ్వాపుకోలేక దగ్గాడు. ఉదయభాస్కర్ కూడా నవ్వాడు గానీ పట్టు వదల్లేదు. "డాబా మీద నీళ్ళ ట్యాంకుల వెనక ఒక మూల అడుగుదామండీ. స్మోకింగ్ ఏరియా. నాతో కలిపి నలుగురం ఉన్నాం. మీ ఓటు కూడా పడితే గెలిచేస్తాం."

"ఓటు నాది కాదు, మా కోడలిది. అది సరే, ఇప్పుడు నువ్వెక్కడ కాలుస్తున్నావు?"

"మెట్ల మీదండీ. రెండో అంతస్తుకీ మూడోదానికీ మధ్య."

"మరి ఫోటో నాది తీశారేం?"

ఉదయభాస్కర్ తల గోక్కున్నాడు. "మీరు... అందరికీ కనపడేట్టు కూర్చున్నారు మామ్మగారూ."

"అవును. దాక్కుని కాల్చడం నాకు చేతకాదు."

అతను వెళ్ళాక తెరేసమ్మ కొడుకుతో అంది. "ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పు దొరికిందని ఇంకొకడు సంతోషపడ్డాడంట. ఈ కుర్రాడికి నా ఫోటో అట్టా అక్కరకొచ్చింది."

గదిలో చీర మార్చుకుంటున్న స్టెల్లాకి ఆ మాట వినిపించింది. నవ్వొచ్చింది. అత్తకి వినపడకుండా నవ్వుకుంది.

సెల్లారులో కార్లు, స్కూటర్లు ఒక పక్కకి నెట్టి కుర్చీలు వేశారు. పది ఫ్లాట్లలో ఒకటి తాళం. మిగిలిన తొమ్మిది ఇళ్ళవాళ్ళూ వచ్చారు. అధ్యక్షుడు అచ్యుతరామారావు గారు కళ్ళజోడు తుడుచుకుని కాగితం తీశారు. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో పౌరశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఆయన పక్కన భార్య హైమవతి, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, ఒడిలో చిన్న చేతిసంచితో కూర్చుంది. ఆవిడకి ఆయాసం. ఆ సంచిలో ఊపిరి మందు ఎప్పుడూ ఉండాల్సిందే.

తెరేసమ్మ లిఫ్టులోంచి దిగి, చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి, మొదటి వరసలోనే కూర్చుంది. స్టెల్లా రెండు వరసలు వెనక కూర్చుంది. సంజీవరావు ఎక్కడ కూర్చోవాలో తెలియక స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు.

"మెట్లు, సెల్లారు, లిఫ్టు, డాబా," అచ్యుతరామారావు గారు చదివారు. "ఈ నాలుగు ఉమ్మడి స్థలాల్లోనూ ధూమపానం పూర్తిగా నిషేధించాలని తీర్మానం. పొగ తాగని పౌరుడికి స్వచ్ఛమైన గాలి పీల్చే హక్కుంది."

"పొగ తాగే పౌరుడికి ఏ హక్కూ లేదాండీ?" ఉదయభాస్కర్ లేచాడు. "మేమూ నెలనెలా మెయింటెనెన్స్ కడుతున్నాం. డాబా మీద ఒక్క మూల ఇమ్మంటున్నాం, అంతే."

"గాలి అందరిదీనయ్యా."

"అయితే నా వాటా గాలి నేను పాడు చేసుకుంటానండీ!"

"వాటా ఎలా పంచుతావు బాబూ?" మూడో అంతస్తు ఆవిడెవరో అంది. "అన్నదమ్ముల పంపకాల్లాగా మధ్యలో గోడ కట్టిస్తావా? డాబా మీద నా బట్టలన్నీ నీ సిగరెట్టు కంపే."

"మీ ఎండుచేపల కంపు మేం భరించట్లేదా?"

నవ్వులు, అరుపులు కలిసిపోయాయి. అచ్యుతరామారావు గారు బల్ల మీద తట్టారు. "చూడండి, వ్యక్తులనేం అనడం లేదు. పల్లెల్లో అలవాట్లు వేరు. ఇది పదిమంది కలిసి బతికే చోటు. ఆ తేడా తెలియాలి."

అందరి కళ్ళూ మొదటి వరస వైపు తిరిగాయి.

తెరేసమ్మ కర్ర ఊతం చేసుకుని లేచింది.

"మేష్టారండీ, పల్లెలో పదిమంది కలిసి బతకరాండీ?"

"నా ఉద్దేశం అది కాదమ్మా..."

"మా పేటలో గోడకీ గోడకీ మధ్య మనిషి పట్టదు. పురుడొచ్చిన ఇంటి దరిదాపుల్లో ఎవరం చుట్ట ముట్టించేవాళ్ళం కాదు. అక్కడ బోర్డూ లేదు, మీటింగూ లేదు." ఆమె ఊపిరి తీసుకుంది. "ఇక్కడ బోర్డుంది. మా కోడలు అంటించింది. నాకు చదవడం రాదు గానీ అందులో ఏముందో తెలుసు. తెలిసే కూర్చున్నా. ఎందుకంటే ఆ మూల గాలి బాగా తగులుద్ది. తప్పు నాది. గుణదల మాత సాక్షిగా ఒప్పుకుంటున్నా. ఇంక లిఫ్టు దగ్గర కాల్చను."

అచ్యుతరామారావు గారు కాగితం అటూ ఇటూ తిప్పారు. రాసుకొచ్చిన కాగితంలో ఆ ఒప్పుకోలుకి జవాబు లేదు.

"అయితే ఒక్క మాటండీ. మెట్ల మీద ఊడ్చినప్పుడల్లా దోసెడు సిగరెట్టు పీకలు వస్తన్నాయంట. ఆ ముసలమ్మ ఎవరండీ? ఆమె ఫోటో ఎవరూ తియ్యలేదేం? చుట్టది కంపూ, సిగరెట్టుది సెంటూనా?"

వెనక వరసలో ఎవరో చప్పట్లు కొట్టారు. ఉదయభాస్కర్ బూట్ల లేసులు చూసుకున్నాడు.

"ఇంకో మాట." తెరేసమ్మ హైమవతి వైపు తిరిగింది. "గంట నించీ అందరూ ఈయమ్మ ఊపిరి గురించే మాట్లాడుకుంటన్నారు. ఈయమ్మనెవరూ అడగలేదు. మీరు చెప్పండమ్మా. నా చుట్ట వల్ల మీకు ఎంత ఇబ్బందయిందో మీ నోటితో చెప్పండి."

హైమవతి భర్త వైపు చూసింది. ఆయన "నేను చెప్తాను..." అని మొదలుపెట్టారు.

"నేనే చెప్తానండీ," అంది హైమవతి. గొంతు సన్నగా ఉంది, కానీ అందరికీ వినిపించింది. "ఇబ్బందేనండీ తెరేసమ్మ గారూ. లిఫ్టు తలుపు తెరుచుకోగానే పొగ తగిలితే ఇక్కడ, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టుంటుంది. మెట్ల మీద దిగుదామంటే అక్కడా అదే. రెండు నెలలైంది నేను నడకకి వెళ్ళి. నాలుగో అంతస్తులోనే ఉంటున్నా."

తెరేసమ్మ మొహంలో నవ్వు పోయింది. "అంత అవుతుందని నాకు తెలీదమ్మా. నిజంగా తెలీదు."

"మీరొక్కరే కాదులెండి." హైమవతి కొంచెం ఆగింది. తర్వాత, ఎప్పటినుంచో గొంతులో ఉన్నది బయటికి వచ్చినట్టు, గబగబా అనేసింది. "అన్నిటికన్నా ఎక్కువ బాధ మా ఇంట్లో మస్కిటో కాయిల్‌తోనండీ. రోజూ సాయంత్రం ఆరింటికల్లా ఈయన నాలుగు గదుల్లో నాలుగు వెలిగిస్తారు."

సెల్లారు దద్దరిల్లింది. "అది కూడా తీర్మానంలో రాయండి సార్!" అని ఎవరో అరిచారు. అచ్యుతరామారావు గారు ఎర్రబడిపోయారు.

"నాకెప్పుడూ చెప్పలేదేం హైమా?"

"మీరెప్పుడడిగారు? నా ఊపిరి మీద తీర్మానం రాశారు గానీ, నీకెలా ఉందే అని అడగలేదు."

ఆయన కళ్ళజోడు మళ్ళీ తీసి, ఇందాక తుడిచిన అద్దాలనే మళ్ళీ తుడిచారు.

ఓట్లు మొదలయ్యాయి. పూర్తి నిషేధానికి నాలుగు చేతులు. డాబా మీద మూల ఇవ్వాలని నాలుగు చేతులు. ఉదయభాస్కర్ రెండుసార్లు లెక్కపెట్టాడు. అంతే వచ్చింది.

"స్టెల్లా గారూ," అన్నారు అచ్యుతరామారావు గారు. "మీదొక్కటే మిగిలిందమ్మా."

స్టెల్లా లేచి నిలబడింది. అత్త వీపు, తెల్లటి కొప్పు మాత్రమే కనిపిస్తున్నాయి. తెరేసమ్మ వెనక్కి తిరగలేదు.

"డాబా మీద మూల ఇచ్చినా, పొగ ఆ మూలలో కూర్చోదండీ," స్టెల్లా మెల్లగా మొదలుపెట్టింది. "అక్కడే బట్టలారేస్తాం. పిల్లలు అక్కడే ఆడుకుంటారు. పొగ తాగేవాళ్ళకి హక్కు లేదని నేననను. కానీ వాళ్ళు కిందికి దిగి, వీధి దాటి వెళ్ళేదాకా కాసేపు ఆగగలరు. హైమవతి గారు ఊపిరి పీల్చడం కాసేపు ఆపలేరు కదండీ."

స్టెల్లా ముందున్న కుర్చీ వెన్ను పట్టుకుంది.

"నన్ను చదివించింది మా అత్తయ్య. మూడేళ్ళు వాననీళ్ళలో నాట్లేసి చదివించారు. ఆ చదువే ఈ మాట చెప్పమంటోంది. ఆవిడకి ఎదురు నిలబడి చెప్పాల్సొస్తుందని మాత్రం ఏ క్లాసులోనూ చెప్పలేదు. నా ఓటు నిషేధానికే. ఒక్క షరతు. రూలు చుట్టకీ సిగరెట్టుకీ ఒకటే. ఇంకెప్పుడూ ఎవరి ఫోటో గ్రూపులో పెట్టకూడదు. తప్పుంటే ఎదురుగా వచ్చి చెప్పాలి."

నేల చూపులు చూస్తూనే చెయ్యెత్తింది.

తెరేసమ్మ కూర్చున్న చోటి నుంచి లేచింది. "రాసుకోండి మేష్టారూ," అని మాత్రం అంది. కర్ర పొడుచుకుంటూ లిఫ్టు వైపు నడిచింది.

స్టెల్లా పైకి వచ్చేసరికి ఇంట్లో లైటు వెయ్యలేదు. తెరేసమ్మ బాల్కనీలో కుర్చీలో కూర్చుని ఉంది. చేతిలో చుట్ట ఉంది. వెలిగించలేదు.

సంజీవరావు సైగ చేసి, తను వంటగదిలోకి తప్పుకున్నాడు. టీ పెట్టడానికన్నట్టు గిన్నెలు చప్పుడు చేశాడు.

స్టెల్లా బాల్కనీ గడప మీద కూర్చుంది. ఇద్దరూ వీధిలో వెళ్ళే ఆటోలు చూశారు.

"కోపమా అత్తయ్యా?"

"కోపం దేనికే? నువ్వన్నది నిజమే. పాపం ఆయమ్మ రెండు నెలల నించీ గడప దిగలేదంట. మా దొడ్లో గొడ్డుని కూడా అన్నాళ్ళు కట్టెయ్యం." తెరేసమ్మ చుట్టని వేళ్ళ మధ్య దొర్లించింది. "చెయ్యెత్తావు, బానే ఉంది. ఎత్తేటప్పుడు తల దించుకున్నావు. అదే బాగాలేదు."

"మీకెలా తెలుసు? మీరు వెనక్కి తిరగలేదుగా."

"ఎదురుగా మేష్టారి కళ్ళజోడు ఉందిగా. అందులో కనపడ్డావు." తెరేసమ్మ చెయ్యి చాపి కోడలి తల మీద పెట్టింది. "నేను నడుం వంచింది నువ్వు తల వంచుకోడానికి కాదే, పిచ్చిదానా. ఈసారి నా మీద చెయ్యెత్తాల్సొస్తే నా మొహంలోకి చూసి ఎత్తు."

స్టెల్లాకి ఏడుపొచ్చింది. ఏడుస్తూనే నవ్వొచ్చింది. "మీ మీద చెయ్యెత్తడమేంటి అత్తయ్యా, వినేవాళ్ళు ఏమనుకుంటారు?"

"కోడలు కొడుతోందనుకుంటారు. అనుకోనీ."

"పూర్తిగా మానెయ్యకూడదా?"

"అరవై ఏళ్ళ అలవాటే. రోజుకి నాలుగు కాలుస్తున్నా. రెండు చేస్తా. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత. అంతకంటే ఎక్కువ మాటిస్తే అబద్ధమవుద్ది."

"ఆ రెండూ ఎక్కడ?"

"కృష్ణ కరకట్ట మీదకి పోతా. మోకాలికి నడక మంచిదని డాక్టరు ఎటూ చెప్పాడుగా."

అప్పుడే బెల్లు మోగింది. సంజీవరావు తలుపు తీశాడు. గుమ్మంలో హైమవతి. ఒక్కతే వచ్చింది. నాలుగో అంతస్తు నుంచి రెండో అంతస్తుకి మెట్ల మీద దిగి వచ్చినట్టుంది, కొంచెం రొప్పుతోంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

"మెట్ల మీద పొగ లేదండీ!" అంది, అదేదో గొప్ప వార్తలాగా. తర్వాత తెరేసమ్మ దగ్గరికి వచ్చింది. "రేపట్నుంచి మీరు ఎక్కడికెళ్తారు?"

"కరకట్టకమ్మా. పొద్దున్నే ఆరింటికి."

"నేనూ వస్తాను. ఒక్కదాన్నీ వెళ్ళాలంటే భయం. ఈయనకి పేపరు చదవందే కాలు కదలదు."

"వద్దండీ హైమవతి గారూ," స్టెల్లా కంగారుపడింది. "అత్తయ్య చుట్ట కాలుస్తారక్కడ. మీకు పడదు."

"గాలి ఎటు వీస్తుందో చూసుకుంటాం. ఆవిడ ఒక పక్క, నేనొక పక్క. పడకపోతే లేచి దూరంగా వెళ్తాను. నాకూ కాళ్ళున్నాయి కదమ్మా."

తెరేసమ్మ ఆవిడని పైనుంచి కింది దాకా చూసింది. "చెప్పులు గట్టివి వేసుకోండి," అంది.

మర్నాడు ఆరున్నరకి ఇద్దరూ ఘాట్ దాటి, జనం పల్చబడిన చోట కరకట్ట మీద కూర్చుని ఉన్నారు. కృష్ణ మీద మంచు ఇంకా విడలేదు. అవతల భవానీ ద్వీపం చెట్లు మసగ్గా కనిపిస్తున్నాయి. చేపల పడవ ఒకటి చప్పుడు లేకుండా పోతోంది.

ఇద్దరి మధ్యా పదిగజాల దూరం ఉంది. అందుకని కబుర్లు అరుచుకుంటూ చెప్పుకోవాల్సి వచ్చింది.

"మీది ఏ ఊరండీ?" తెరేసమ్మ అరిచింది.

"హనుమాన్ జంక్షన్ దగ్గరండీ! చిన్నప్పుడు చెరుకు బళ్ళ వెంట పరిగెత్తేదాన్ని!" హైమవతి అరిచింది. అరిచి, నోరు మూసుకుని నవ్వింది. ఇంత గట్టిగా ఆవిడ మాట్లాడి ఎన్నేళ్ళయిందో.

"ఆయాసం రాలేదా పరిగెత్తితే?"

"అప్పుడు లేదండీ! పెళ్ళయ్యాక వచ్చింది!"

ఈసారి తెరేసమ్మ నవ్వుకి చెట్టు మీద కొంగ లేచిపోయింది.

ఆమె అగ్గిపుల్ల గీసి చుట్ట ముట్టించింది. రెండు దమ్ములు పీల్చిందో లేదో, నది మీద గాలి దిశ మారింది. పొగ నేరుగా హైమవతి వైపు బయల్దేరింది.

"ఉండండుండండి, నేనే అటు మారతా!" తెరేసమ్మ లేవబోయింది. మోకాలు పట్టేసింది. కట్ట వాలుగా ఉంది. ఒక చేతిలో కర్ర, రెండో చేతికి ఆసరా కావాలి. నోట్లో చుట్ట.

హైమవతి కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని గబగబా వచ్చేసింది. "నా భుజం పట్టుకోండి. ఆ చుట్ట పారెయ్యండి ముందు."

"ఇప్పుడేగా ముట్టించింది! రోజుకి రెండే అని కోడలికి మాటిచ్చా. ఇది పారేస్తే లెక్కలో ఒకటి పోయినట్టేగా."

"సరే, ఇలా ఇవ్వండి!"

ఊపిరి బిగబట్టి, మొహం ఆ పక్కకి తిప్పుకుని, బారెడు దూరంగా చెయ్యి చాపి, హైమవతి ఆ చుట్టని రెండు వేళ్ళతో పట్టుకుంది. తెరేసమ్మ ఆవిడ భుజం మీద బరువు మోపి ఒక్క ఉదుటున లేచింది. ఇద్దరూ తూలి, ఒకరినొకరు పట్టుకుని, నిలదొక్కుకుని, మళ్ళీ నవ్వడం మొదలుపెట్టారు.

"హైమా!"

నవ్వు ఆగిపోయింది.

కట్ట మీద అచ్యుతరామారావు గారు నిలబడి ఉన్నారు. బనీను మీద శాలువా, కాలికి ఒకటి తనదీ ఒకటి ఇంకెవరిదో చెప్పు. పరుగులాంటి నడకతో వచ్చినట్టు వగరుస్తున్నారు. ఆయన చేతిలో ఊపిరి మందు ఉన్న చిన్న సంచి. భార్య దాన్ని ఇంట్లోనే మర్చిపోయి వచ్చింది.

ఆయన సంచిని చూసుకున్నారు. భార్య వేళ్ళ మధ్య ఎర్రగా రగులుతున్న లంక చుట్టని చూశారు.

తెరేసమ్మ గొంతు సవరించుకుంది. "మేష్టారండీ, అది..."

"మీరుండండి తెరేసమ్మ గారూ," అంది హైమవతి.

నలభై ఏళ్ళుగా ఆయన అడక్కముందే సంజాయిషీ చెప్పుకోవడం ఆవిడకి అలవాటు. ఇవాళ చెప్పుకోలేదు. చుట్ట దాచలేదు, కింద పడెయ్యలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి, రెండో చెయ్యి భర్త వైపు చాచి మందు సంచి అందుకుంది.

"పరిగెత్తుకుంటూ వచ్చారా నాకోసం?"

ఆయన తలూపారు.

"అయితే ఇలా వచ్చి కూర్చోండి," అంది హైమవతి, పక్కనున్న రాయి చూపించి. "మీతో చాలా మాట్లాడాలి. ఇంట్లో అయితే మీరు వినరు."

అచ్యుతరామారావు గారు ఆ రాయి వైపు చూశారు, తెరేసమ్మ వైపు చూశారు. కూర్చోవాలో వెళ్ళిపోవాలో తేల్చుకోలేక, కట్ట మీద అలాగే నిలబడిపోయారు.